ఏడో నంబరు కార్డు

శ్రీరామ

కాన్పుల వసతి, పర్ణశాల దారి, భద్రాచలం
జూన్ 18

లతకు మీ అత్తయ్య ఆశీస్సులు.

నేను ఉత్తరం రాసి పదకొండేళ్ళయింది. ఇప్పుడు పెన్ను పట్టానంటే ఫోనులో నీతో నాకు పని కావడం లేదు గనుక. నేను మాట మొదలుపెట్టేలోపే "అర్థమైంది అత్తయ్యా, చూస్తా" అంటావు. నేను "సరేనమ్మా" అంటాను. ఫోను పెట్టేశాక చూసుకుంటే చెప్పాల్సింది నా దగ్గరే ఉండిపోతుంది. ఇలా నాలుగుసార్లు జరిగింది. కాగితమైతే నా మాటకు అడ్డు రాదు. కోపంగా రాస్తున్నానని అనుకోకు. కోపంగానే ఉంది, అయినా అనుకోకు.

నువ్వు ఇక్కడికి ఒక్కసారే, అదీ అరపూట వచ్చి వెళ్ళావు. అందుకని మళ్ళీ మొదటినుంచి చెబుతాను. వాగులు దాటి రావాల్సిన గూడేలనుంచి నెలలు నిండిన ఆడవాళ్ళు పది పదిహేను రోజుల ముందే వచ్చి ఇక్కడ ఉంటారు. పన్నెండు మంచాలు. వాళ్ళను చూసుకునేది నేను, కాన్పు చూసేది సిస్టరు సైదమ్మ. ఎవరికి ఎన్ని రోజులుంది, బీపీ ఎంత, రక్తం ఏ గ్రూపు, వెనక ఏమైనా కష్టం జరిగిందా, ఇవన్నీ ఇదివరకు గోడమీద నల్లబల్లపై సుద్దముక్కతో రాసేదాన్ని. సైదమ్మ తలెత్తి చూసి పని చేసేది. ఎవరిని భద్రాచలం పెద్దాసుపత్రికి పంపాలి, ఎవరిని ఇక్కడే ఉంచాలి అన్నది ఆ గోడ చూసే తేలుతుంది. గోడ తప్పయితే ఒక తల్లి ప్రాణం మీదికొస్తుంది. నువ్వు ఆ నల్లబల్ల స్థానంలో టీవీ పెట్టించావు. నా చేతికి ట్యాబు ఇచ్చావు. పైసా తీసుకోకుండా చేశావు, ఆ పుణ్యం నీదే. కాదనను.

కానీ అమ్మా, ఆ టీవీ ఒక్క క్షణం కుదురుగా ఉండదు. నేను ట్యాబులో నూట ఇరవై అని కొడుతుంటే ఒకటీ రెండూ పడతాయి, సున్నా కొట్టేలోపు గడి ఖాళీ అవుతుంది. మళ్ళీ కొడతాను, మళ్ళీ పోతుంది. ఒక్క బీపీ ఎక్కించడానికి నాకు విష్ణుసహస్రనామం సగం అవుతోంది. పైన గడియారం ఒకటి పెట్టావు, సెకన్లతో సహా. దాన్ని ఎవరడిగారు? అది టిక్కుమన్నప్పుడల్లా కింద ఒక్కొక్కరి వివరాలుండే పన్నెండు కార్డులూ ఉలిక్కిపడతాయి. నిన్న సైదమ్మ చేతులు కడుక్కుంటూ టీవీ వైపు చూసి, "ఏందమ్మా, నీ మేనకోడలు టీవీ గిట్ల కన్ను కొడ్తది? పెద్దమనిషివి, జర భయం చెప్పు దానికి" అంది. ఆమె నోరు మంచిది కాదు. అందరిముందూ అనేస్తుంది. గర్భిణులంతా నవ్వారు. నాకు తలకొట్టేసినట్టయింది.

అది కూడా పడతాను. మొన్న జరిగింది మాత్రం పడలేను. నేను ఐదో మంచం ఆవిడ బీపీ ఎక్కిస్తున్నాను, నూట యాభై. అదే సమయంలో సైదమ్మ తన ఫోనులో ఇంకెవరిదో ఎక్కించింది. కార్డులన్నీ ఒక్కసారి పైకీ కిందికీ దొర్లాయి. నా వేలి కింద ఐదో మంచం పోయి ఏడో మంచం యశోద వచ్చింది. నూట యాభై యశోదకు పడింది. యశోదను ఆసుపత్రికి పంపడానికి బండి పిలిచారు. నిజంగా బీపీ ఉన్నావిడ తీరిగ్గా కూర్చుని జామకాయ తింటోంది. సైదమ్మ అనుమానమొచ్చి మళ్ళీ చూడబట్టి సరిపోయింది.

దీనికి ఏదో ఒకటి చెయ్యి. చెయ్యలేకపోతే చెప్పు, నల్లబల్ల ఇంకా స్టోరుగదిలోనే ఉంది. జవాబు కాగితం మీదే రాయి. కాగితం మీద రాసింది నేను చదువుతుండగా మారిపోదు.

నిర్మల అత్తయ్య

*

మామిళ్ళగూడెం, ఖమ్మం
జూన్ 24

అత్తయ్యా, నమస్కారాలు.

మీ కవరు చూసి మా ఇంటి ఓనరమ్మ కోర్టు నోటీసేమోనని కంగారుపడింది. ఒక్క ఫొటో తీసి పంపితే రెండు నిమిషాల్లో అర్థమయ్యే సంగతికి నాలుగు పేజీలు రాశారు. సరే, మీ మాట ప్రకారం కాగితం మీదే రాస్తున్నాను. పొద్దంతా కీబోర్డు మీద ఉండే చెయ్యి, అక్షరాలు వంకరపోతే తిట్టుకోకండి.

జరుగుతున్నది ఇదీ. నేను వాడే పద్ధతిలో పేజీని ఒకే ముక్కగా చేయం. చిన్నచిన్న ముక్కలు చేసి ఒకదానిలో ఒకటి పెడతాం. వాటిని కాంపొనెంట్లంటాం. పెద్ద ముక్కలో ఏదైనా మారితే, దాని లోపలున్న ముక్కలన్నీ మళ్ళీ మొదటినుంచి గీసుకుంటాయి. నేను గడియారాన్ని అన్నిటికన్నా పెద్ద ముక్కలో పెట్టాను. తప్పు నాదే. ఇంటిపెద్ద తుమ్మినప్పుడల్లా ఇంటిల్లిపాదీ తలస్నానం చేసి వచ్చినట్టయింది. మీరు కొడుతున్న గడి కూడా ఆ స్నానానికి వెళ్ళి ఖాళీగా తిరిగొస్తోంది.

ఇప్పుడు గడియారాన్ని విడిగా పెట్టేశాను. అది ఎంత టిక్కుమన్నా మిగతావాటికి తెలియదు. కార్డులు ఇక దొర్లవు, నంబరు వరుసలోనే ఉంటాయి. ప్రతి కార్డునూ మూడు ముక్కలు చేసి, ఏ ముక్క ఎప్పుడు మళ్ళీ గీసుకోవాలో ఒక్కోదానికీ షరతు పెట్టాను. పేరు ముక్క పేరు మారితేనే కదులుతుంది. మీరు అక్షరాలు దిద్దుతుంటారు కదా, అందుకు. బీపీ, రోజుల లెక్క ఉన్న ముక్క ఆ అంకెలు మారితేనే కదులుతుంది. అన్నిటికంటే కింద పట్టీ ఉంటుంది చూడండి, రక్తం గ్రూపు, పడని మందులు, పాత కాన్పుల సంగతులు ఉండేది. అవి మనిషికి పుట్టుకతోనో ఎప్పుడో జరిగిపోయో ఉన్నవి, మారేవి కావు. అందుకని కార్డు నంబరు మారితే తప్ప ఆ పట్టీని కదలొద్దన్నాను. మీ టీవీ పాతది, ఎంత తక్కువ గీయిస్తే అంత మంచిది.

అన్నీ పరీక్షించాను. కొత్తవాళ్ళను చేర్చి చూశాను, తీసేసి చూశాను, బీపీలు మార్చి చూశాను. రాయిలా ఉంది. మీ సైదమ్మగారికి చెప్పండి, కన్ను కొట్టడం మానేసింది అని.

ఒక్క సహాయం చేయండి. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆ ట్యాబులో మీరు ఏమేం నొక్కుతారో వరుసగా రాయండి. ఇంకెక్కడైనా చిక్కుంటే ముందే తెలుస్తుంది.

లత

*

శ్రీరామ

కాన్పుల వసతి, భద్రాచలం
జూలై 7

లతకు ఆశీస్సులు.

నీ మందు పనిచేసింది. రెండు వారాలుగా టీవీ బుద్ధిగా ఉంది. సైదమ్మ కూడా దాన్ని చూసి, "ఇప్పుడు సంసారపక్షంగ ఉన్నది" అంది. ఆమె నోట అంతకన్నా మెచ్చుకోలు రాదు. ఈ వసతిని నడిపే ట్రస్టువాళ్ళు వచ్చి చూసి సంతోషించి నల్లబల్లను పట్టుకుపోయారు. బడికి ఇస్తారట. అడ్డు చెప్పాలనిపించింది. చెప్పలేదు.

నేనేం నొక్కుతానో రాయమన్నావు. పొద్దున ట్యాబు తెరుస్తాను. బీపీలు ఎక్కిస్తాను. కొత్తవాళ్ళు వస్తే వాళ్ళ వివరాలు, రక్తం చీటీ చూసి ఎక్కిస్తాను. వెళ్ళిపోయినవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. సాయంత్రం దీపం పెట్టే వేళకు ట్యాబు ఆపేస్తాను. టీవీ ఆపం. ఇన్వర్టరు ఉంది గనుక కరెంటు పోయినా అది వెలుగుతూనే ఉంటుంది.

ఒక్క మాట మాత్రం అడగాలి. కార్డు పక్కన ఎర్ర బటను ఒకటి పెట్టావు. దాని మీద "తొలగించు" అని ఉంది. నొక్కితే, "ఈ వ్యక్తిని శాశ్వతంగా తొలగించాలా?" అని అడుగుతుంది. ఒకసారి నొక్కి, ఆ మాట చదివి వద్దు అని నొక్కేశాను. పొత్తిళ్ళలో బిడ్డతో బాలింత ఎదురుగా నిలబడి సెలవు తీసుకుంటుంటే ఆమెను శాశ్వతంగా తొలగించాలా అని అడగడమేమిటమ్మా? ఆ మాట మార్చు.

యశోద మూడో తేదీన పిల్లాడితో ఇంటికి వెళ్ళింది. సుఖంగా కన్నది. మర్నాడే వాగు అవతలి గూడెంనుంచి జంపక్క అనే ఆవిడ కోడలు ముత్యాలును తీసుకొచ్చింది. ముత్యాలుకు ఇరవై రెండేళ్ళు, తొలిచూలు. జంపక్క వస్తూనే మంచాలన్నీ ఒక్కొక్కటే చూసి, "తకలీబు లేకుంట కన్న పిల్ల ఏ మంచంల పన్నది?" అని అడిగింది. ఏడో మంచమని చెప్పాను. అయితే అదే కావాలంది. ఇక్కడికి వచ్చేవాళ్ళందరూ అంతే. సుఖంగా కన్న తల్లి మంచం మీద తర్వాతి తల్లి పడుకుంటే ఆ సుఖం ఈమెకూ అంటుతుందని వాళ్ళ నమ్మకం. నాకూ ఆ నమ్మకమే. ఏడో మంచమే ఇచ్చాను. ఆ వేళ సైదమ్మ సెలవులో ఉంది, వివరాలన్నీ నేనే ఎక్కించాను.

బటను సంగతి మరిచిపోకు.

నిర్మల అత్తయ్య

*

ఖమ్మం
జూలై 15

అత్తయ్యా,

ఆ బటను మాట అన్నిచోట్లా అదేనండీ. తొలగించడమంటే జాబితాలోంచి తొలగించడం, మనిషిని కాదు. మీ ఒక్కరి కోసం మారిస్తే రేపు ఇంకొకరు ఇంకోటి అడుగుతారు. ఇక్కడ ఆఫీసు పని తలమీదికొచ్చింది. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే మళ్ళీ లేచేది అన్నానికే. టీవీ కుదురుగా ఉంది కదా, ఇక దాన్ని అలా వదిలేయండి. పనిచేస్తున్నదాన్ని కెలకకూడదు అన్నది మా వృత్తిలో మొదటి పాఠం.

మీరు ఆరోగ్యం జాగ్రత్త.

లత

*

శ్రీరామ

కాన్పుల వసతి, భద్రాచలం
జూలై 30

లతా,

రక్తం మారుతుందా? నాకు జవాబు చెప్పు. పుట్టుకతో వచ్చింది మారదని నువ్వే రాశావు. మరి నా కళ్ళముందు, గోడమీద, ఒక మనిషి రక్తం ఎలా మారింది?

ముత్యాలు పోయిన గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకు కన్నది. ఆడపిల్ల. జంపక్క కోరుకున్నట్టే అంతా సుఖంగా జరిగింది. శుక్రవారం సాయంత్రానికి వాన కాస్త తెరిపి ఇచ్చింది. మళ్ళీ ముసురు పడితే వాగు దాటలేమని జంపక్క ప్రయాణం కట్టింది. ఇంకో రోజు ఉండమంటే వినలేదు. సైదమ్మ ఆసుపత్రి పుస్తకం అడిగితే ఇంటి దగ్గర చూరులో పెట్టి మరిచి వచ్చామంది. సైదమ్మ తలెత్తి గోడ చూసింది. ముత్యాలు పేరు, ఏడో నంబరు, రక్తం ఓ పాజిటివ్. అది చూసి పంపించింది. నేను బిడ్డ నుదుట అక్షింతలు వేసి పంపాను.

శనివారం పొద్దున కరెంటు పోయింది. ఇన్వర్టరు కూడా చేతులెత్తేసింది. పది గంటలకు కరెంటు వచ్చి టీవీ తిరిగి వెలిగింది. నేను చీపురు పట్టుకుని దానికి ఎదురుగా ఉన్నాను. ముత్యాలు కార్డు కింద ఓ నెగెటివ్ అని ఉంది.

నాకు అందులో ఉన్న తేడా తెలియదు. రక్తం చీటీలో ఏముంటే అది ఎక్కించడమే నా పని. అక్షరం మారిందని మాత్రం తెలిసింది. సైదమ్మను పిలిచాను. ఆమె చూసి, గబగబా ఫైల్లోంచి చీటీ తీయించి చూసి, అక్కడే స్టూలు మీద కూలబడింది. అప్పుడు చెప్పింది. నెగెటివ్ తల్లికి కాన్పయిన మూడు రోజుల్లోపు ఒక సూది వేయాలట. అది పడకపోతే ఈ బిడ్డకు ఏమీ కాదు కానీ, వచ్చే కాన్పుల్లో తల్లి రక్తమే కడుపులో బిడ్డకు శత్రువవుతుందట. తొలిచూలు గనుక ఇప్పుడే పడాలి. ఆదివారం పన్నెండున్నర దాటితే లాభం ఉంటుందో లేదో చెప్పలేమని ఫోనులో డాక్టరమ్మ అంది. బిడ్డ రక్తం చూసే వ్యవధి లేదు, ముందు వేసేయమంది.

సూది ఇక్కడ లేదు. భద్రాచలంనుంచి ఐసు డబ్బాలో తెప్పించేసరికి మధ్యాహ్నం రెండయింది. బండిలో నేనూ సైదమ్మా వెళ్ళాం. వాగు నిండుగా పారుతోంది, దిగనివ్వలేదు. ఆ పూటకు ఇవతలి ఊళ్ళోనే ఆగాం. నేను ఎన్నిసార్లు రామనామం అనుకున్నానో ఆయనకే తెలుసు. ఆదివారం ఎనిమిదింటికి నీళ్ళు మోకాళ్ళకు దిగాయి. సైదమ్మ ఐసు డబ్బా నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. ఆ వెనక ఆమె కొంగు పట్టుకుని నేను. తొమ్మిదీ నలభైకి గూడెం చేరాం. జంపక్క గడపలో కూర్చుని మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "మొన్న ఉండమంటిరి, ఉండకపోతే ఎంటపడి వస్తిరి. గింత పట్టుదలేందమ్మా మీది?" అంది. సూది పడింది. ఇంకా మూడు గంటల లోపే గడువు ఉంది.

అవతలివాళ్ళ ముందు ఒక్క మాట అనలేదు గానీ, తిరిగొచ్చేటప్పుడు సైదమ్మ దారంతా తనను తానే తిట్టుకుంది. "ఆ చీటీ నేను అడిగి చూడాలె. గోడను నమ్మిన. నా బుద్ధి గడ్డి తిన్నది" అని.

సోమవారం ట్రస్టు కార్యదర్శి వెంకటరామారావు గారు మరో నలుగురితో వచ్చారు. చీటీ చూడకుండా బాలింతను ఎలా పంపావని సైదమ్మను అడిగారు. గోడ చూశానంది. గోడమీద ఇప్పుడు నెగెటివ్ అనే ఉంది కదా అని ఆయన చూపించారు. నిజమే, ఉంది. ఆగస్టు పద్నాలుగున కమిటీ మీటింగట, అప్పటిదాకా పనిలోకి రావద్దన్నారు. నేను పక్కనే ఉన్నాను. మొన్న పాజిటివ్ ఉండడం నేనూ చూశానని చెప్పొచ్చు. అంతమంది మగవాళ్ళ ముందు ఆ మాట అనలేదు.

లతా, నువ్వేం చేశావు దానికి? కెలకొద్దన్నావు, కెలకలేదు. వదిలేయమన్నావు, వదిలేశాను. ఇరవై ఏళ్ళు సుద్దముక్కతో రాశాను, ఒక్కనాడూ నా రాత దానంతట అది వేరే మాట చెప్పలేదు.

నిర్మల

*

ఖమ్మం
ఆగస్టు 5

అత్తయ్యా,

ఉత్తరం అందిన రోజే రికార్డులన్నీ తీసి చూశాను. రెండు రోజులు ఎక్కడా తప్పు కనబడలేదు. ఎక్కించింది నెగెటివ్. దాచుకున్నది నెగెటివ్. మూడో రోజు ఏడో నంబరు కార్డు పుట్టిన దగ్గరినుంచి చదివాను. మార్చినుంచి ఆ ఒక్క కార్డులో ఐదు పేర్లున్నాయి. ముత్యాలుకు ముందు యశోద, ఓ పాజిటివ్. అంతకుముందు ఇంకో ముగ్గురు. మిగతా కార్డులూ అంతే. పన్నెండు కార్డులు, నలభై ఆరు మంది తల్లులు. "తొలగించు" బటను ఈ ఐదు నెలల్లో ఒక్కసారి కూడా పూర్తిగా నొక్కలేదు.

మీరు పేరు మీద పేరు రాస్తున్నారు అత్తయ్యా. ఎందుకు చెప్పలేదు? వరుసగా రాయమని అడిగాను కదా. "వెళ్ళిపోయినవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను" అని ఒక్క ముక్కలో దాటేశారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నేను కార్డు నంబరంటే మనిషి అనుకున్నాను. మీకు అది మంచం. మంచం అదే, మనిషి మారింది. పేరు ముక్క కొత్త పేరు చూసి కదిలింది. బీపీ ముక్క కదిలింది. కింది పట్టీ మాత్రం నంబరు ఏడే కదా, ఏమీ మారలేదు కదా అని యశోద రక్తాన్ని పట్టుకుని మూడు వారాలు కూర్చుంది. కూర్చోమన్నది నేను. కరెంటు పోయి టీవీ మొదటినుంచి గీసుకునేదాకా కూర్చుంది. మీ ట్యాబు రోజూ ఆపి తెరుస్తారు గనుక అందులో సరిగ్గానే ఉండేది. అందుకే మీకూ తెలియలేదు.

ఇంత రాసి, మీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. బటను గురించి మీరు చెప్పారు. వద్దు అని నొక్కేశానని రాశారు. అక్కడ నేను ఒక్క ప్రశ్న అడగాల్సింది: మరి వెళ్ళినవాళ్ళను ఏం చేస్తున్నారు అని. అడగలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. అన్నీ పరీక్షించాను అని జూన్‌లో రాశాను. పరీక్షించింది అరగంట, ఆఫీసు మీటింగులో ఒక చెవి పెట్టి. మీ నాలుగు పేజీలకు విసుగొచ్చి, ఈ గొడవ వదిలితే చాలని చేశాను. షరతు రాసిన రోజు చాలా తెలివైన పని చేశాననుకున్నాను కూడా.

ఇప్పుడు ఆ పట్టీ మీద షరతు తీసేశాను. ఎక్కువ గీసుకుంటే గీసుకోనీ. మంచం నంబరు వేరు, మనిషి నంబరు వేరు. కొత్త మనిషి వస్తే కొత్త కార్డే పుడుతుంది, పాతదాని మీద రాయనివ్వదు. ఎర్ర బటను తీసేసి ఆకుపచ్చది పెట్టాను. దాని మీద "క్షేమంగా ఇంటికి" అని ఉంటుంది. అది ఏమీ అడగదు. ఈసారి మీరు చేసినట్టే చేసి, రెండు రోజులు కూర్చుని పరీక్షించాను.

సైదమ్మగారి సంగతి ఆలోచిస్తుంటే తిండి సహించడం లేదు. ఆవిడ చూసినప్పుడు గోడమీద పాజిటివ్ అనే ఉంది, నేను రాసిన ఆ షరతే దానికి రుజువు. నా తప్పు నేను కమిటీకి రాసి పంపుతున్నాను. మీ ఉత్తరాలు కూడా కలిపి పంపితే మొదటినుంచీ అంతా తేలిపోతుంది. మీరు ఒక్క మాటా మాట్లాడాల్సిన పని ఉండదు. పంపనా?

లత

*

శ్రీరామ

కాన్పుల వసతి, భద్రాచలం
ఆగస్టు 11

లతకు ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నీమీద కోపం వచ్చింది. రెండోసారి నామీద వచ్చింది. మూడోసారి ఎవరిమీదా రాలేదు, భయం వేసింది.

ఎందుకు చెప్పలేదని అడిగావు. నవ్వుతావని. నల్లబల్ల ఉన్న రోజుల్లో కూడా నేను గుడ్డతో పేరు తుడిచేదాన్ని కాదు. వెళ్ళిన తల్లి పేరు మీదే తడి సుద్దతో వచ్చిన తల్లి పేరు దిద్దేదాన్ని. పాతది కింద మసగ్గా ఉండేది, ఆమె చల్లదనం ఈమెకు ఉంటుందనిపించేది. అయితే ఒకటి, బల్ల మీద పేరు దిద్దితే పక్కన ఉన్నవన్నీ కూడా నా చేత్తోనే దిద్దేదాన్ని. చెయ్యి వరుసంతా నడిచేది. నీ పెట్టెలో కూడా అలాగే వరుసంతా దిద్దాను. అది సగమే దిద్దుకుంటుందని నాకెలా తెలుస్తుంది? చదువుకున్న పిల్లవి, వేలెత్తి చూపి నవ్వుతావని, మా పద్ధతి మాది అని దాచుకున్నాను. నా నమ్మకంలో తప్పుందని ఇప్పటికీ అనుకోను. దాచడం తప్పు.

నిన్న సైదమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. కూర్చోమనలేదు. నేనే అరుగు మీద కూర్చుని, పేరు మీద పేరు రాసిన సంగతి, నువ్వు రాసిన సంగతి, సోమవారం నేను చూసి కూడా నోరు మెదపని సంగతి చెప్పాను. ఆమె చెరగడం ఆపలేదు. చేట వంకే చూస్తూ అంది:

"పద్నాలుగు దినాలసంది నేను పిచ్చిదాన్ని అయిననేమో అనుకున్న. నా కండ్లతో చూసినదాన్ని నేనే నమ్మకపోతిని."

నేను తప్పయిందన్నాను.

"పేరు చెరిపితే పాపమంటవు. నా పేరు చెరుపుతుంటే మాత్రం చూసుకుంట నిలబడ్డవు. గిదేం భక్తి అమ్మా?"

లేచాను. గేటు దాకా వచ్చాక వెనకనుంచి పిలిచింది. "నాకు చెప్పుడు కాదు, ఆళ్ళకు చెప్పు. జర గట్టిగ చెప్పు. నీ మాట పక్కనోళ్ళకే వినపడదు" అంది. తరువాత లోపలికి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అప్పటికి వచ్చి గంటయింది.

ఇవాళ పొద్దున ట్యాబు తెరిచి ముత్యాలు కార్డు మీద ఆకుపచ్చ బటను నొక్కాను. నువ్వన్నట్టే అది ఏమీ అడగలేదు. నిన్ననే గూడెం మనిషి ఒకాయన చెప్పిపోయాడు, తల్లీ పిల్లా బాగున్నారట. పిల్ల పాలకు ఊరంతా లేచేలా ఏడుస్తోందట.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. నీ తప్పు నువ్వు రాసి పంపు, అది నీ ధర్మం. రుజువు కూడా పంపు. నా ఉత్తరాలు మాత్రం పంపకు. అందులో దాచాల్సిన ఘోరమేదో ఉందని కాదు. అవి చేరితే వెంకటరామారావు గారు చదువుతారు, తల పంకిస్తారు, పక్కనున్నవారికి అందిస్తారు. అందరూ అయ్యో అంటారు. నేను మళ్ళీ మూలన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చునే ఉంటాను. యాభై ఏళ్ళుగా అలాగే కూర్చున్నాను. సోమవారం కూడా అలాగే ఉండిపోయాను, దాని ఖరీదు సైదమ్మ కట్టింది.

పద్నాలుగున పది గంటలకు మీటింగు. లేచి నిలబడి చెబుతాను. ఆ శుక్రవారం గోడమీద పాజిటివ్ ఉంది, నేను చూశాను, పేరు మీద పేరు రాసింది నేను, సైదమ్మ తప్పు లేదు. ఈ నాలుగు మాటలే. పొద్దుటినుంచి స్టోరుగదిలో తలుపు వేసుకుని బిగ్గరగా అని చూసుకుంటున్నాను. గొంతు వణుకుతోంది గానీ వినబడుతోంది.

ఈ కాగితాలు నీ దగ్గర భద్రంగా ఉంచు. ఎవరికీ చూపించకు.

నిర్మల అత్తయ్య